బాయి కూలింది, పూడ్చేయమంటారా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైన బాయిలు, బోర్లు, మోటార్ల గురించే. మూడింటికి ఇక్కడ జవాబు రాస్తున్నా. మొదటిదానికి ఎక్కువ చోటు తీసుకుంటున్నా, ఎందుకంటే అందులో ప్రాణాల సంగతి ఉంది.

ప్రశ్న: అన్నా నమస్తే. మాది తాడిపత్రి దగ్గర పల్లె. ఇంటి వెనకాల మా జేజినాయన తవ్విచ్చిన బాయి ఉంది, 40 అడుగుల లోతు, 8 అడుగుల వెడల్పు, నాపరాళ్లతో కట్టినారు. మొన్న కార్తీకంలో నాలుగు రోజులు ముసురు పట్టింది, వాన ఎలిసినాక మోటారేసి చేనికి నీళ్లు పెట్టినాం, మరుసటి రోజు పొద్దున చూస్తే ఒక పక్క రాళ్లు జారి లోపల పడిపోయినాయి. నీళ్లు బురదైపోయినాయి, వాసన కూడా వస్తోంది. తమ్ముడేమో ఈ పాత బాయి ఎందుకు, మట్టి తోలిచ్చి పూడ్చేసి బోరేయిద్దాం అంటాడు. మా అమ్మ ఆ మాట విన్నప్పటినించి సరిగ్గా అన్నం తినట్లే. రాళ్లు తీసేదానికి ఊర్లో ఇద్దరు పిల్లోళ్లు తాడు కట్టుకోని దిగుతామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: చెల్లెమ్మా, మిగతాదంతా తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ పిల్లోళ్లను దిగొద్దని చెప్పు. ఇది చదివిన వెంటనే పోయి చెప్పు.

ఎందుకంటే, ఒక పక్క జారిన కట్టడంలో మిగతా రాళ్లు ఒకదాని మీద ఒకటి బరువు ఆన్చుకోని ఎట్నో నిలబడి ఉంటాయి, కింద ఒక్క రాయి కదిలిస్తే పైనదంతా దిగినోళ్ల నెత్తిన పడుతుంది. ఇంకోటి గాలి. పాత బాయి అడుగున ఆకులు, చెత్త కుళ్లి కార్బన్ డయాక్సైడ్ పోగవుతుంది, అది మామూలు గాలికన్నా బరువు, మడుగు కట్టినట్టు అడుగునే నిలిచిపోతుంది. వాసన వస్తోందన్నావు, కుళ్లిన గుడ్డు వాసనైతే అది హైడ్రోజన్ సల్ఫైడ్, ఎక్కువైందంటే ముక్కుకు ఆ వాసన తెలియడమే ఆగిపోతుంది, ఇంగ వాసన లేదులే అనుకోని దిగిన మనిషి దిగినచోటే పడిపోతాడు. మన పెద్దోళ్లు లాంతరు దించి చూసేవాళ్లు, దీపం ఆరితే దిగేవాళ్లు కాదు. దీపం ఆరితే ప్రాణవాయువు తక్కువుందని అర్థం, అంతవరకు నిజమే, కానీ దీపం వెలుగుతోంది కదా అని విషవాయువు లేదనుకోవడానికి లేదు. పైగా కుళ్లిన చోట మండే వాయువు కూడా ఉండొచ్చు కాబట్టి నేనైతే మంట దించమని చెప్పను. విషవాయువులు కొలిచే గ్యాస్ మీటర్‌తో చూసి, పైనించి బ్లోయర్ పైపుతో అడుగుదాకా గాలి కొట్టి, పని జరుగుతున్నంతసేపు ఆ గాలి ఆపకుండా, నడుముకు భుజాలకు బెల్టు ఉన్న మనిషిని, పైన లాగేదానికి ముగ్గురున్నప్పుడే దించాలి. నీళ్లు తోడాలని డీజిల్ ఇంజన్ లోపలికి దించడం మాత్రం ఎప్పుడూ వద్దు, దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి రంగూ లేదు వాసనా లేదు. లోపల ఒకరు పడిపోతే కాపాడాలని ఇంకొకరు దూకడం, ఆయన వెనక ఇంకొకరు, ఇట్ల ఒకే ఇంట్లో ముగ్గురు పోయిన వార్తలు మనం ఎన్ని చదవలేదు. అట్లాంటిది జరిగితే 101కి ఫోన్ చేసి, పైనించే గాలి కొట్టాలి, దిగకూడదు.

ఇప్పుడు బాయి ఎందుకు కూలిందో చెప్తా, ఇది తెలియకుండా కట్టిస్తే మళ్లీ ముసురు పట్టినప్పుడు మళ్లీ కూలుతుంది. మీ పక్కంతా నల్లరేగడి కదా, నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది, ఏటేటా ఇట్ల ఉబ్బి కుంగి కట్టడాన్ని లోపలికి నెడుతుంటుంది. జాగ్రత్తగా చూసుంటే కూలకముందే గోడకు పొట్ట వచ్చి ఉంటుంది. నాలుగు రోజుల ముసురుకు గోడ వెనకాల మట్టి నిండా నీళ్లు తాగింది, లోపల బాయి నిండా నీళ్లున్నంతసేపు ఆ నీళ్లే గోడకు ఆనుకోని నిలబెట్టినాయి. మీరు మోటారేసి ఒక్కసారిగా నీళ్లు దించేసినారు. ముందు ఆసరా పోయింది, వెనక బరువు అట్నే ఉంది, రాళ్లు జారినాయి. తప్పు పడుతున్నా అనుకోవద్దు, మా ఇంట్లో కూడా ఇట్లనే జరిగింది. కాబట్టి ఇప్పుడు నీళ్లన్నీ తోడేసి చూద్దామని మోటారు వేయొద్దు, ఇంకో పక్క కూడా వచ్చేస్తుంది. చుట్టూ కనీసం 10 అడుగుల దూరంలో కట్టెలు పాతి తాడు కట్టు, ఎనుములు, పిల్లోళ్లు అటుపోకుండా. వానలు పూర్తిగా ఆగి, నీళ్లు వాటంతట అవే తగ్గేదాకా, అంటే సంక్రాంతి దాటేదాకా ఆగి పని మొదలుపెట్టడం మేలు.

కట్టించేదానికి రెండు దారులున్నాయి. గట్టి నేల, అంటే గరుసో బండో తగిలేదాకా జారిన పక్కంతా పైనించి మెట్లు మెట్లుగా విప్పుకుంటా పోయి, అక్కడినించి మళ్లీ రాళ్లు పేర్చుకుంటా రావడం ఒకటి. ఇందులో మేస్త్రీలు చేసే తప్పు ఏందంటే గోడ వెనకాల అదే నల్లమట్టి తోసేస్తారు. అది వద్దు, అడుగు మందాన కంకర నింపించు, నీళ్లు కంకరలోంచి కిందికి దిగిపోతాయి, గోడ మీద బరువు పడదు. పైనించి 20 అడుగుల దాకా సిమెంటుతో సందులు పూడ్చాలి, మురికి నీళ్లు పక్కల నించి ఊరకుండా, దాని కింద మాత్రం సిమెంటు పెట్టొద్దు, ఊట వచ్చేది ఆ సందుల్లోనే. కట్టడం నాలుగు పక్కలా పొట్ట వచ్చుంటే మటుకు రెండో దారి, సిమెంటు రింగులు దించి, పాత గోడకు రింగులకు మధ్య కంకర పోయడం, అడుగు రింగులకు బొక్కలుండాలి. బాయి వెడల్పు తగ్గుతుంది, నిలవుండే నీళ్లు తగ్గుతాయి, కానీ పని తొందరగా అయిపోతుంది. నాకైతే రాతి కట్టడమే ఇష్టం. మీ దగ్గర నాపరాయికి కరువు లేదు, పడిపోయిన రాళ్లు కూడా చాలావరకు మళ్లీ పనికొస్తాయి. పైన గట్టు రెండున్నర అడుగుల ఎత్తు, చుట్టూ 3 అడుగుల గచ్చు బయటికి వాలుగా, కాలవ తీసి ఉండాలి.

ఇంగ తమ్ముడి మాట. తమ్ముణ్ణి కోప్పడొద్దు, కూలిన బాయిని చూస్తే ఎవరికైనా భయమే. కానీ మన అనంతపురం జిల్లాలో ఏడాదికి పడేదే సుమారు 550 మిల్లీమీటర్ల వాన, కింద గట్టి రాయి, బోరుకు నీళ్లు రావాలంటే సరిగ్గా పగులు తగలాలి, తగలకపోతే డబ్బు పోయినట్టే. బాయి అట్ల కాదు, చుట్టూ ఉన్న చిన్న చిన్న ఊటలన్నీ రాత్రంతా అందులోకి చేరతాయి, తెల్లారేసరికి నీకు తొట్టెడు నీళ్లు సిద్ధంగా ఉంటాయి. కొత్త బోరుకు 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం కింద పర్మిషన్ కూడా తీసుకోవాలి. లోతుకు పోయేకొద్దీ మన జిల్లాలో ఫ్లోరైడ్ భయం ఒకటి, లీటరుకు 1 మిల్లీగ్రాము లోపల ఉండాలి, వేరే నీళ్లు లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు, కాచినా అది పోదు. బోరేసినా సరే, బాయిని మాత్రం పూడ్చొద్దు. మీ మిద్దె 1000 చదరపు అడుగులు అనుకో, దాని మీద ఏడాదికి పడే వాన సుమారు 50 వేల లీటర్లు, అందులో 40 వేలు పట్టుకున్నా కంకర, ఇసుక వేసిన గుంతలోంచి బాయిలోకి, అక్కడినించి భూమిలోకి దింపితే బోరుకు కూడా అదే ఆధారం. తొలి వాన నీళ్లు మాత్రం బయటికి వదిలేయాలి.

మా బాయి కూలినప్పుడు మేము పూడ్చేసినాం. 12 ట్రాక్టర్ల మట్టి పట్టింది. గట్టు రాయి ఒకటి మిగిలింది, ఇప్పుడు ఇంటి ముందు మెట్టుగా ఉంది. చేంతాడు ఒరిసి ఒరిసి దాని అంచున వేలు పట్టేంత లోతు గాళ్లు పడినాయి, మా జేజి, మాయమ్మ ఇద్దరి చేతుల్లోని తాడు చేసిన గాళ్లు అవి. ఆ రాయి మీద కాలు పెట్టిన ప్రతిసారీ నాకు బాధగానే ఉంటుంది. మీ అమ్మ ఎందుకు అన్నం తినట్లేదో నాకు తెలుసు.

పని అయినాక నీళ్లు శుభ్రం చేసుకోవాలి. పూడిక ఎత్తి, నీళ్లు ఒకసారి తోడేసి, మళ్లీ ఊరినాక లెక్కేసుకో. 8 అడుగుల వెడల్పు బాయిలో 10 అడుగుల నీళ్లుంటే దాదాపు 14,200 లీటర్లు. మొదటిసారి వెయ్యి లీటర్లకు 60 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ చొప్పున సుమారు 850 గ్రాములు పడుతుంది. పొడి అట్నే చల్లేస్తారు చాలామంది, అట్ల వద్దు. బక్కెట్టుకు 100 గ్రాములు మించకుండా కలిపి, పది నిమిషాలు కదపకుండా పెట్టి, సున్నం అడుగుకు దిగినాక పైన తేట మాత్రం ఇంకో బక్కెట్లోకి వంచి, దాన్ని తాడుతో నీళ్ల లోపలికి ముంచి పైకీ కిందికీ ఆడించాలి. ఆ రాత్రంతా వదిలేసి, వాసన పోయేదాకా తోడి పారబోసి, అప్పుడు వాడుకోండి. ఆ తర్వాత మామూలుగా వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు చాలు, వేసినాక గంట ఆగాలి. తాగే ముందు గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ల్యాబ్‌లో ఒకసారి పరీక్ష చేయించు.

ప్రశ్న: సార్, మాది ఆదోని. బాయి గట్టు మీద 1 హెచ్‌పీ మోటారు ఉంది. ఎండాకాలం వస్తే చాలు మోటారు తిరుగుతుంది కానీ నీళ్లు ఎక్కవు. మెకానిక్ మోటారు మార్చమంటున్నాడు.

జవాబు: మోటారు మార్చొద్దు, ముందు తాడుకు రాయి కట్టి నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో కొలవండి. గట్టు మీది మోటారు నీళ్లను పీల్చుకోగలిగేది 20, 25 అడుగుల లోపే, ఎన్ని హెచ్‌పీ పెట్టినా అంతే, ఎందుకంటే నీళ్లను పైకి నెట్టేది బయటి గాలి ఒత్తిడి, అది లెక్క ప్రకారం కూడా 34 అడుగులు దాటి ఎత్తలేదు. ఎండాకాలంలో మీ నీళ్లు 30 అడుగులకు పోయుంటే నీళ్లలో మునిగే ఓపెన్‌వెల్ మోటారు పెట్టుకోవాల్సిందే. నీళ్లు పైనే ఉన్నా ఎక్కట్లేదంటే పైపు అడుగున నీళ్లు వెనక్కి పోకుండా ఆపే ఫుట్ వాల్వ్‌లో చెత్త ఇరుక్కోని ఉంటుంది, పైపు నిండా నీళ్లు పోసి పది నిమిషాలు చూడండి, దిగిపోతే అదే తప్పు.

ప్రశ్న: అన్నా, కడప పక్కన మా చేన్లో రెండు బోర్లు ఎండిపోయినాయి. కేసింగ్ పైపు పీకి అమ్ముకుంటే డబ్బులొస్తాయి అంటున్నారు. పీకొచ్చా?

జవాబు: పైపు పీకినాక ఆ బొక్క మీద ఒక గోనెసంచి, నాలుగు రాళ్లు పెట్టి వదిలేస్తారు, వానకు అంచు జారి బొక్క పెద్దదవుతుంది, ఆడుకునే పిల్లలు పడేది అట్లాంటి వాటిల్లోనే. దీని మీద 2010లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, పనికిరాని బోరును అడుగునించి నేల మట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో నింపేయాలి. పీకితే పీకు తమ్ముడూ, కానీ నింపే మట్టి ముందు తోలిచ్చుకో, పైపు పైకొచ్చిన రోజే సాయంత్రం లోపల నిండిపోవాలి, పది రోజులాగి మట్టి కుంగిందేమో చూసి మళ్లీ పోయాలి. ఒకవేళ మళ్లీ నీళ్లొస్తాయని ఆశ ఉంటే పైపు పీకొద్దు, నోటికి ఇనుప మూత వెల్డింగ్ చేయించు.