రాకెట్ల పిచ్చి పిల్లల్ని నిజంగా సైన్సు వైపు నడిపిస్తుందా?

"పదేళ్ల మా వాడికి రాకెట్లంటే పిచ్చి. ఇది నాలుగు రోజుల ముచ్చటేనా, పెద్దయ్యాక సైన్సు వైపు వెళ్తాడా?" అని అడిగారు. నేను హైస్కూలు పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. నేను చూసింది రాస్తున్నాను.

ప్రయోగం రోజు ఉండే హుషారు తొందరగానే చల్లారుతుంది. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగినప్పుడు మా పిల్లలు గంతులేశారు. కొన్నాళ్లకే ఆ ఊసు లేదు. వాళ్లను పట్టి ఉంచేది ఇంకా తేలని సమస్య.

అదే ఏడాది నవంబరులో వాయేజర్-1 అర్థంపర్థం లేని డేటా పంపడం మొదలుపెట్టింది. 1977లో నాసా పంపిన అంతరిక్ష నౌక అది. అప్పటికి దాదాపు 2400 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. మన ఆదేశం చేరడానికే 22 గంటలు దాటుతుంది, జవాబు రావడానికి మళ్లీ అంతే. "వెళ్లి చూడలేం, ముట్టుకోలేం. మరి బాగుచేసేదెలా?" అని క్లాసులో అడిగి వదిలేశాను. మార్కుల గొడవ లేదు. ఎప్పుడూ నోరు విప్పని ఒకమ్మాయి లేచి, "వచ్చేదంతా చెత్తే అయితే, ఏ భాగం చెడిందో ఎలా తెలుస్తుంది సార్?" అంది.

నాసా ఇంజినీర్ల తలనొప్పి కూడా సరిగ్గా అదే! 2024 మార్చిలో వాళ్లు ఒక ఆదేశం పంపి నౌకలోని కంప్యూటర్ మెమరీలో ఉన్నదంతా తెప్పించుకున్నారు. పాత దానితో పోల్చి చూస్తే ఒక చిప్ పాడైందని తేలింది. అందులోని కోడ్ మొత్తం ఒకేచోట పట్టేంత ఖాళీ ఇంకెక్కడా లేదు. దాన్ని ముక్కలు చేసి, తలా ఒక చోట సర్ది, అన్నీ కలిసి పనిచేసేలా మార్చారు. ఏప్రిల్‌లో నౌక పరిస్థితి తెలిపే డేటా మళ్లీ రావడం మొదలైంది. ఈ కబురు చెప్పిన రోజు క్లాసులో బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు. ఆ అమ్మాయైతే మెమరీలో అంకెలు ఎలా దాస్తారో చెప్పమని స్టాఫ్ రూం దాకా వచ్చింది. అప్పటి నుంచి నాకు ఈ విషయంలో అనుమానం లేదు.

మీ వాడికి ఏదైనా పని అప్పగించండి. బృహస్పతి చుట్టూ తిరిగే జూనో నౌక కెమెరా తీసిన ఫొటోలను నాసా ముడి రూపంలోనే ఇంటర్నెట్‌లో ఉచితంగా పెడుతుంది. వాటికి రంగులు సరిచేసి మేఘాల సుడులు స్పష్టంగా కనిపించేలా చేసేవాళ్లలో చాలామంది మామూలు జనమే. ఒకటి దించుకుని, ఇద్దరూ కలిసి కూర్చోండి. ఏ సుడి ఎటు తిరుగుతోందో వాడినే తేల్చమనండి. మధ్యలో మీరు జవాబు అందించకండి.