సమాధానం: ఎల్పీలో పాటల నిడివి ఎందుకు తగ్గింది?

డైర్ స్ట్రెయిట్స్ రాక్ బృందం 1985 నాటి ఆల్బమ్ 'బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్' పాత ఎల్పీ (రెండు వైపులా పాటలుండే వినైల్ రికార్డు) కొన్నారనీ, అందులో 'మనీ ఫర్ నథింగ్' పాట సీడీలో కంటే నిమిషానికి పైగా తక్కువగా ఉందనీ, అది నకిలీ రికార్డేమోనని అనుమానంగా ఉందనీ రాశారు. ఈ ఒక్క తేడాను బట్టి నకిలీ అనుకోనక్కరలేదు.

సీడీలో ఆ పాట ఎనిమిదిన్నర నిమిషాలకు కాస్త తక్కువ, ఎల్పీలో ఏడు నిమిషాల చిల్లర. మొదటి వైపు రావలసిన ఐదు పాటలను పూర్తి నిడివితో కలిపితే దాదాపు 33 నిమిషాలవుతుంది. అంతసేపటి సంగీతాన్ని ఒకే వైపు ఇరికిస్తే గాడులు దగ్గరపడి, ధ్వని పలచబడి, మంద్రస్వరాలు దెబ్బతింటాయి కాబట్టి ఆ పాటలను కత్తిరించారు. అన్నిటికంటే ఎక్కువ నష్టపోయింది 'వై వర్రీ'. దాని చివరి వాద్యభాగం మూడు నిమిషాలకు పైగా పోయింది, నా దృష్టిలో అది అన్యాయమే.

తేడా ఈ కత్తెర వల్లేనా అని పరీక్షించడం సులువు. రికార్డు తిప్పి రెండో వైపు పెట్టి, 'రైడ్ అక్రాస్ ది రివర్' నిడివిని సీడీతో పోల్చండి. ఆ వైపు మొత్తం 22 నిమిషాలే గనుక కత్తెర పడలేదు. రెండూ ఏడు నిమిషాల దగ్గరే ఆగితే టర్న్‌టేబుల్ (రికార్డు తిప్పే యంత్రం) వేగం కూడా సరిగానే ఉన్నట్టు.

రేడియోలో విన్న 'మనీ ఫర్ నథింగ్' సింగిల్ (విడిగా విడుదల చేసిన పాట) మరింత కుదించినది, దానితో పోల్చకండి. పూర్తి పాటలే కావాలంటే తర్వాత వచ్చిన రెండు రికార్డుల ఎల్పీ ముద్రణ వెతకండి.