‘అక్కడేమైనా తిన్నావా?’ – ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి అమ్మాయికి,

ఆశీస్సులు.

నీ కథ మంగళవారం అందింది. ఆ రాత్రే ఒకసారి చదివాను. మర్నాడు పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని మళ్లీ చదివాను. పాతాళం నుంచి తిరిగొచ్చే కూతురి కోసం తల్లి ‘పై’ (పిండి పొరలో తీపి పోసి కాల్చే వంట) చేస్తూ ఎదురుచూడటం అన్న ఊహ చాలా బాగుంది. దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వదులుకోకు. గ్రీకు పురాణాలకీ ఇంట్లో చేసుకునే తీపివంటకీ ఏం పొంతన అని ఎవరైనా అంటే పట్టించుకోకు. పొంతన ఉంది, నువ్వు అనుకున్నదానికన్నా ఎక్కువే ఉంది. అది నీ కథలో ఇంకా పైపైనే ఉండిపోయింది కాబట్టి ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ముందు నాకు ఇబ్బంది కలిగించిన సంగతి. మొదటి పేజీలోనే పదకొండు పేర్లు వచ్చాయి. క్రోనస్, రియా, పొసైడన్, హెస్టియా... పాఠకురాలు ఆ పేర్లు గుర్తుపెట్టుకోవాలన్న టెన్షన్‌లో పడితే తల్లి మొహం చూడదు. నీ వయసులో నేనూ ఒక గ్రీకు కథ రాశాను. ఒలింపస్ దేవతల వంశవృక్షం మొత్తం అందులో దింపాను. పత్రికవాళ్లు దాన్ని తిప్పి పంపుతూ అంచున పెన్సిల్‌తో ఒక్క మాట రాశారు: "ఇందులో ఎవరికైనా ఆకలి వేస్తుందా?" చాలా రోజులు ఆ మాటకి అర్థం తెలియలేదు. పంటల దేవత డెమీటర్ మీది గ్రీకు స్తోత్రం పూర్తిగా చదివిన రోజు తెలిసింది.

నువ్వు చదివింది ఆ కథ సారాంశం మాత్రమే అని నీ రాతలో కనిపిస్తోంది. అసలు స్తోత్రం చదువు. ఐదొందల పంక్తులు కూడా ఉండదు. గ్రీకు మహాకవి హోమర్ పేరు మీద చలామణీ అయ్యే స్తోత్రాల్లో అదొకటి, సుమారు ఇరవై ఆరు శతాబ్దాల నాటిది. దాని రాతప్రతి 1777లో మాస్కోలో బయటపడింది. ఇంగ్లీషు అనువాదాలు సులభంగానే దొరుకుతాయి.

అందులో కూతురు పెర్సెఫొనీని పాతాళ రాజు హేడిస్ ఎత్తుకుపోయాక డెమీటర్ తొమ్మిది రోజులు అమృతం ముట్టదు, స్నానం చేయదు. రెండు చేతుల్లో కాగడాలు పట్టుకుని తిరుగుతుంది. ఎలూసిస్ అనే ఊళ్లో ముసలమ్మ వేషంలో బావి దగ్గర కూర్చుంటుంది. అక్కడి రాజుగారి ఆడపిల్లలు చూసి ఇంటికి తీసుకెళ్తారు. మెత్తటి ఆసనం చూపిస్తే కూర్చోదు, మామూలు పీట వేస్తేనే కూర్చుంటుంది. తియ్యటి ఎర్ర వైన్ ఇస్తే వద్దంటుంది. బార్లీ పిండి, నీళ్లు, పుదీనా జాతి ఆకు కలిపి ఇమ్మంటుంది. ఒక తల్లి దుఃఖం ఎంత లోతుకు వెళ్లిందో చెప్పడానికి ఆ కవికి ఈ పీట, ఈ గిన్నె సరిపోయాయి. నువ్వు అదే చోట "ఆమె గుండె ముక్కలైంది" అని మూడుసార్లు రాశావు.

ఇక అసలు సన్నివేశం. కూతురు తిరిగొస్తుంది. తల్లి పరుగెత్తుకుంటూ వెళ్లి వాటేసుకుంటుంది. ఇంకా కౌగిలి వదల్లేదు, ఇంతలో మనసులో ఏదో కీడు తోస్తుంది. వెంటనే అడుగుతుంది: బిడ్డా, అక్కడ ఉన్నప్పుడు ఏమైనా తిన్నావా? తినకపోతే ఇక్కడే ఉండిపోవచ్చు. తింటే ఏడాదిలో మూడో వంతు మళ్లీ కిందికి వెళ్లాలి.

అమ్మా, ఇక్కడ కాసేపు ఆగు. మన ఇళ్లలో గుమ్మంలో అడుగు పెట్టగానే వినబడే మొదటి మాట "తిన్నావా?" కదా. హాస్టల్ నుంచి వచ్చినా, అత్తారింటి నుంచి వచ్చినా, అమెరికా నుంచి ఫోన్ చేసినా అదే మాట. ప్రేమను ఇంకోలా చెప్పడం మన అమ్మలకు రాదు. ఆ స్తోత్రంలో తల్లి నోట కూడా అదే మాట వస్తుంది. కానీ తిన్నానంటే ఎలా అని వణుకుతూ అడుగుతుంది. లేదు అన్న జవాబు కోసం ప్రాణం అరచేతిలో పెట్టుకుని అడుగుతుంది. ఇది తెలుగులో రాస్తే ఎంత బలంగా వస్తుందో ఆలోచించు. నువ్వేమో ఆ ప్రశ్నే వదిలేశావు. కూతురు పాతాళంలో తిన్న దానిమ్మ గింజల సంగతి దేవదూత హెర్మీస్ చేత చెప్పించేశావు.

గింజలు ఆరు అని రాశావు. స్తోత్రంలో ఒక్కటే. తర్వాత రోమన్ కవి ఓవిడ్ ‘మెటమార్ఫొసీస్’ కావ్యంలో ఏడు చేశాడు. నువ్వు ఎన్నయినా వేసుకో, అది నీ ఇష్టం. కానీ ఆ ఒక్క గింజనీ స్తోత్రం రెండుసార్లు ఎలా చెప్పిందో చూడు. మొదట కవి చెబుతాడు: హేడిస్ అటూ ఇటూ చూసి, తేనెలా తియ్యని దానిమ్మ గింజను రహస్యంగా ఆమెకు తినడానికి ఇచ్చాడు. బలవంతం అన్న మాట అక్కడ లేదు. తర్వాత కూతురు అమ్మకు చెబుతుంది: నాకు ఇష్టం లేకపోయినా బలవంతంగా తినిపించాడు. ఆ చెప్పడంలో కూడా ‘తేనెలా తియ్యని’ అన్న మాటను మాత్రం వదల్లేదు! కవి అబద్ధమా, కూతురు అబద్ధమా అని తీర్పు చెప్పకు. బెదిరిపోయిన పిల్ల తల్లి ముందు ఒక మాట ఎక్కువ చెప్పిందేమో. అసలు నిజం ఆమె చెప్పిందేనేమో, చూసేవాళ్లకే బలవంతం కనబడలేదేమో. ఆ రెండు వాక్యాల మధ్య ఉన్న సందులోనే నీ కథ ఉంది. అక్కడ కూర్చుని రాయి.

ఇంకొకటి, నువ్వు హేడిస్‌ను రెండు చోట్ల యముడు అన్నావు. తీసెయ్. యముడు పాపపుణ్యాలు విచారించే ధర్మరాజు. హేడిస్ తన రాజ్యానికి రాజు, అంతే. మోసి తెచ్చిన పోలికలు కథను పలచన చేస్తాయి. మన భాషకు నిజంగా పని పడేది వావి వరసల దగ్గర. హేడిస్, దేవతల రాజు జ్యూస్, డెమీటర్ ముగ్గురూ ఒకే తల్లిదండ్రుల బిడ్డలు. జ్యూస్, డెమీటర్‌ల కూతురు పెర్సెఫొనీ. అంటే హేడిస్ ఆ పిల్లకు తండ్రి వైపు నుంచి పెదనాన్న, తల్లి వైపు నుంచి మేనమామ. ఇంగ్లీషులో ఒక్క మాటతో సరిపోతుంది. తెలుగులో నువ్వు ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. మేనమామ అంటే మన పాఠకులకు అది ఒక సంబంధంలాగే వినబడుతుంది. పెదనాన్న అంటే ఒళ్లు జలదరిస్తుంది. స్తోత్రంలో సూర్యుడు డెమీటర్‌ను ఓదార్చే తీరు చూడు: అతను అల్లుడిగా తగనివాడేం కాదు, నీ తోడబుట్టినవాడే కదా అంటాడు. సంబంధాలు కుదిర్చే పెద్దమనిషి మాట అచ్చం ఇలాగే ఉంటుంది. సూర్యుడి నోట ‘మేనమామే కదమ్మా’ అనిపించు, పిల్ల నోట ‘పెదనాన్న’ అనిపించు. ఇద్దరూ ఒకే మనిషి గురించి మాట్లాడుతున్నారని పాఠకులకు తెలిసే క్షణం నీకు దొరుకుతుంది.

ఇక వంట సంగతి. నీ కథలో ‘పై’ అలంకారంలా ఉంది. తల్లి దాన్ని చేస్తుంది, బల్ల మీద పెడుతుంది, అయిపోయింది. గ్రీకు కవులు తిండిని అలా వాడరు. ఒక ఉదాహరణ చెప్తాను. హోమర్ కావ్యం ‘ఇలియడ్’ పదకొండో సర్గలో యుద్ధం నుంచి అలసి వచ్చిన ముసలి నెస్టర్‌కు హెకమేడే అనే ఆమె ఒక పానీయం కలుపుతుంది. ప్రామ్నియన్ అనే రకం వైన్, దాని మీద కంచు తురుముపీటతో తురిమిన మేకపాల చీజ్, పైన చల్లిన తెల్లటి బార్లీ పిండి. పక్కనే తేనె కూడా పెడుతుంది. అది తాగి ప్రాణం కుదుటపడ్డాక కబుర్లు చెప్పుకుంటారు. ఆయనదే ‘ఒడిస్సీ’ పదో సర్గలో కిర్కే అనే మాయలమారి కథానాయకుడు ఒడిస్యూస్ మనుషులకు ఒక పానీయం కలుపుతుంది. చీజ్, బార్లీ పిండి, పచ్చటి తేనె, అదే ప్రామ్నియన్ వైన్. అందులో మందు కలిపి ఇచ్చి, కర్రతో తట్టి పందుల్ని చేస్తుంది. మనసు మాత్రం మనుషులదే మిగులుతుంది.

సరుకులు ఇంచుమించు అవే. ఒకచోట సేద తీర్చాయి, ఒకచోట చెర పట్టాయి. ఆ సరుకుల్లోంచి వైన్ తీసేసి, చీజ్, తేనె, పిండి పొయ్యి మీద పెడితే ఏమవుతుంది? ‘పై’ అవుతుంది. ప్రాచీన గ్రీకులు ‘ప్లాకూస్’ అనేది ఇలాంటి వంటకమే. దాని పేరు నుంచే రోమన్ల ‘ప్లసెంటా’ వచ్చింది. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దపు రోమన్ రచయిత కేటో తన వ్యవసాయ గ్రంథంలో దాని కొలతలు రాసిపెట్టాడు: పద్నాలుగు పౌండ్ల గొర్రెపాల చీజ్, నాలుగున్నర పౌండ్ల తేనె, మధ్య మధ్య పల్చటి పిండి పొరలు, అడుగున నూనె రాసిన బే ఆకులు. చక్కెర లేదు. ఆ కాలంలో పెట్టదలచుకుంటే నీ కథలోనూ ఉండకూడదు. ఒక పేజీలో తల్లి కట్టెల పొయ్యి ఊదుతుంది, ఇంకో పేజీలో ఓవెన్ స్విచ్ వేస్తుంది. ఏ కాలమో ముందు తేల్చుకో.

నువ్వు ఆపిల్ ఎంచుకున్నావు. ఆపిల్ కోతకొచ్చేది శరదృతువులో. కూతురు వచ్చేది వసంతంలో, పూలు విచ్చుకునేటప్పుడు. కాలం కలవడం లేదు. నేనైతే సిఫ్నోస్ వైపు చూస్తాను. ఏజియన్ సముద్రంలో చిన్న ద్వీపం. అక్కడ ఈస్టర్‌కు ఇంటింటా మెలోపిటా చేస్తారు. ‘మెలి’ అంటే తేనె, ‘పిటా’ అంటే పై. ఉప్పు వేయని తాజా మిజిత్రా చీజ్, తేనె, గుడ్లు, పైన దాల్చినచెక్క పొడి. అది వసంతపు వంట. నీ కథ ఈ కాలంలో జరిగితే ఆ తల్లి చేయాల్సింది ఇదే.

దీన్ని రాసే ముందు నువ్వు ఒకసారి చేసి చూడాలి. నేను చేశాను. మిజిత్రా ఇక్కడ దొరకదు. రెండు లీటర్ల చిక్కటి పాలు నిమ్మరసంతో విరగ్గొట్టి, పల్చటి గుడ్డలో వడగట్టి, ఇంకా చెమ్మ ఉండగానే అరచేత్తో మెదిపాను. ముప్పావు కప్పు తేనె, మూడు గుడ్లు, చెంచా మైదా కలిపాను. మైదా, ఆలివ్ నూనె, చన్నీళ్లతో ముద్ద చేసి, వత్తి, పళ్లెంలో పరిచి అందులో ఇది పోశాను. ఓవెన్‌లో 180 డిగ్రీల మీద ముప్పావు గంట. ఇరవై నిమిషాలకు తేనె వాసన ఇల్లంతా అలుముకుంది. అంచులు ముందు పొంగాయి, మధ్య భాగం చాలాసేపు వణుకుతూనే ఉంది. పైన మచ్చలు మచ్చలుగా ఎర్రబడింది. బయటికి తీయగానే ఆత్రం కొద్దీ కోశాను. కత్తి వెంట లోపలి ముద్దంతా జారి పళ్లెంలో పడింది. రెండోసారి చేసినప్పుడు మూడు గంటలు ఆగాను. అప్పుడు ముక్క నిలబడింది.

ఆ మూడు గంటలు నీ కథకు చాలా ముఖ్యం. కూతురు ఇంటికొచ్చేసరికి పై వేడిగా ఉంటుంది. పిల్ల చెయ్యి చాస్తుంది. తల్లి "ఆగు, చల్లారనీ" అంటుంది. ఇప్పుడు ఇద్దరికీ చేయడానికి ఇంకేం పని లేదు. ఎదురెదురుగా కూర్చోవాలి. అడగాల్సిన ప్రశ్న అడగక తప్పదు. ఇది నాకు పుస్తకాల్లో దొరకలేదు, కత్తి వెంట జారిపోయిన ఆ ముద్ద వల్ల తెలిసింది.

భాష గురించి రెండు మాటలు. ‘పై’ అనే మాటతో జాగ్రత్త. నీ మూడో పేజీలో "ఆపిల్ పై కత్తి పెట్టింది" అని ఉంది. ఆపిల్ మీద పెట్టిందా, పైని కోయబోయిందా? ఆ మాట వచ్చిన ప్రతిచోటా పక్కన పళ్లెమో ముక్కో ఉండేలా చూడు, లేదా మెలోపిటా అనే రాయి. అలాగే చీజ్‌ను జున్ను అనొద్దు. జున్ను అనగానే మన వాళ్లకు ముర్రుపాలు, బెల్లం, మిరియాలు నోట్లోకి వస్తాయి, గ్రీసు కనబడకుండా పోతుంది. పేర్లకు గ్రీకు పలుకుబడి దగ్గరగా ఉంటే మంచిది. ఇంగ్లీషువాళ్ల ‘సర్సీ’ కన్నా కిర్కే మన లిపిలో చక్కగా కూర్చుంటుంది.

చివరి పేజీ. కూతురు ముక్క తింటుంది, నవ్వుతుంది, బయట పూలు పూస్తాయి. ఆ నవ్వు తీసెయ్ అమ్మా. ఈ కథలో తినడం అంటే ఆ చోటుకు కట్టుబడటం. పాతాళంలో తిన్న ఒక్క గింజ ఆ పిల్లను అక్కడికి కట్టేసింది. మరి తల్లి తెల్లవారుజామునే లేచి పాలు విరగ్గొట్టి, తేనె పోసి, ఇంత పెద్ద పళ్లెం నిండా ఎందుకు చేసింది? ఈ ముక్క తింటే బిడ్డ ఇక్కడికి కట్టుబడుతుందేమో అన్న ఆశ ఆమెలో లేదా? హేడిస్ చేసిన పనే తనూ చేస్తున్నానని ఆమెకు తెలుసా? ఆ రెండు తీపుల మధ్య కూర్చున్న పిల్లకు ఏం తోస్తుంది? దీనికి నువ్వు జవాబు చెప్పనక్కర్లేదు. ముక్క కోసి పళ్లెంలో పెట్టేదాకా రాయి. తిన్నదా లేదా అన్నది నువ్వు రాసేటప్పుడే నీకు తెలుస్తుంది.

దసరా సెలవుల్లో తిరగరాసి పంపు. వంశవృక్షం లేకుండా, ఒక వంటగది, ఇద్దరు ఆడవాళ్లు చాలు. చేసేటప్పుడు పన్నీరు మాత్రం బజార్లో కొనకు. అది గట్టిగా ఉంటుంది, ఎంత మెదిపినా పలుకులు పోవు. ఇంట్లోనే విరగ్గొట్టుకో.

ఆశీస్సులతో,
మీ మాస్టారు