అలుగు కార్డుకి బలం రెండేనా?

ప్రశ్న: మాస్టారూ, మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. అడవి జంతువుల కార్డులతో ఆడే ఆట ఒకటి పిచ్చిలా పట్టుకుంది. ప్రతి కార్డు మీదా బొమ్మ, పేరు, కింద వేగం, బరువు, బలం అని అంకెలు ఉంటాయి. ఇద్దరూ చెరో కార్డు దించుతారు, పెద్ద అంకె ఉన్నవాళ్లు రెండూ తీసుకుంటారు. ‘చిరుత, వేగం 120’ కార్డు వస్తే వాడికి పండగే. అలుగుకి మాత్రం బలం 2. అది చేతికొస్తే ఏడుపు మొహం పెట్టి అట్టడుక్కి తోసేస్తాడు. ఈ అంకెలు నిజమేనా? ఫొటో పంపుతున్నాను, చూడండి.

జవాబు: ముందు ఆ చిరుత సంగతి తేల్చేద్దాం అమ్మా. మీరు పంపిన ఫొటోలో ఉన్నది చిరుతపులి కాదు, చీతా. కంటి మూల నుంచి నోటి దాకా కాటుక కారినట్టు నల్లటి చార కనిపిస్తోంది కదా, అది చీతాకే ఉంటుంది. ఒంటి మీద చుక్కలు కూడా చూడండి, బొట్టు పెట్టినట్టు నిండుగా ఉన్నాయి. చిరుతపులి మచ్చలు పువ్వు రేకుల్లా గుంపుగా, మధ్యలో ఖాళీగా ఉంటాయి. కార్డు తెలుగులోకి మార్చినవాళ్లు పొరబడ్డారు. వాళ్లను తిట్టే అర్హత నాకు లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో బోర్డు మీద చీతాకి చిరుత మచ్చలు వేసి, ముందు బెంచీ పిల్లతో దిద్దించుకున్నవాణ్ణి.

ఇక 120. ఇది చాలా పుస్తకాల్లో ఉన్న అంకే. కానీ బోట్స్వానాలో పరిశోధకులు ఐదు అడవి చీతాల మెడకు జీపీఎస్ పట్టీలు కట్టి, 367 పరుగులు కొలిచి 2013లో ఫలితాలు ప్రచురించారు. అన్నిటికంటే వేగంగా ఉరికిన పరుగు గంటకు 93 కిలోమీటర్లు. అదైనా ఎప్పుడో ఒకసారి. మామూలు వేటలో అది అంత వేగం అందుకోనే అందుకోదు, పరుగు కూడా సగటున 173 మీటర్లే. దాని అసలు విద్య బ్రేకులో ఉంది. జింక పక్కకు తిరగ్గానే తనూ వేగం తగ్గించి, పట్టు జారకుండా తిరగగలదు. మిగతా పిల్లి జాతుల్లా గోళ్లు పూర్తిగా లోపలికి ముడుచుకోవు కాబట్టి అవి నేలను పట్టుకుంటాయి. ఇంతా చేసి, నాలుగు పరుగుల్లో మూడు ఉత్తివే! ఇవన్నీ కార్డులో ఎక్కడ రాస్తారు?

అలుగుకి బలం 2 ఇచ్చినాయన మీద మాత్రం నాకు కోపమే. దేంతో పోటీపెట్టి ఇచ్చాడు? ఒంటినిండా పొలుసులున్న క్షీరదం అదొక్కటే. ఆ పొలుసులు మన గోళ్లలో ఉన్న పదార్థంతోనే తయారవుతాయి. భయం వేస్తే తల, పొట్ట లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది. సింహం కాలితో దొర్లించి, కొరికి చూసి, విసుగొచ్చి వదిలేస్తుంది. నోట్లో ఒక్క పన్ను లేదు, పొడవాటి జిగురు నాలుకతో చీమల్నీ చెదపురుగుల్నీ తిని బతుకుతుంది. బలం అంటే కొరకడం అనుకుంటే 2, కొరుకుడు తట్టుకోవడం అనుకుంటే 10.

మీవాడికి ఇంకోటి కూడా చెప్పండి. సింహాన్ని ఓడించిన ఆ ఉపాయమే మనిషి దగ్గర దాన్ని చంపుతోంది. చుట్టుకుని కదలకుండా ఉన్నదాన్ని ఎత్తి సంచిలో వేసుకోవడం ఎంతసేపు? ఆసియాలో నాలుగు, ఆఫ్రికాలో నాలుగు జాతులున్నాయి. అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ ఒప్పందంలోని దేశాలు 2016లో ఎనిమిదింటి అంతర్జాతీయ వ్యాపారాన్నీ నిషేధించాయి. దొంగరవాణా ఇంకా ఆగలేదు.

ప్రశ్న: సార్, మా కార్డులో దుమ్ములగొండి ‘ఇతర జంతువులు వదిలేసింది తినేది’ అని ఉంది. కరెక్టేనా?

జవాబు: బొమ్మలో చారలుంటే చాలావరకు కరెక్టే. మచ్చలుంటే తప్పు. మచ్చల దుమ్ములగొండి తన తిండిలో ఎక్కువ భాగం తానే వేటాడుతుంది. 1960లలో హాన్స్ క్రూక్ అనే శాస్త్రవేత్త టాంజానియాలోని గొరోంగొరోలో రాత్రంతా మేలుకుని చూశాడు. తెల్లారేసరికి సింహాలు తింటుంటే, ఇవి చుట్టూ కాచుకుని కనిపించేవి. చంపింది చాలాసార్లు ఇవే, లాక్కున్నవి సింహాలు. ఉదయం చూసేవాడు ఎవర్ని దొంగ అంటాడో మీరే చెప్పండి.

ప్రశ్న: పిల్లలు ఇలాంటి కార్డులతో నిజంగా ఏమైనా నేర్చుకుంటారా మాస్టారూ, లేక టైం దండగా?

జవాబు: పేర్లు ఖాయంగా నేర్చుకుంటారు. బ్రిటన్‌లో 109 మంది పిల్లలకు కార్డులు చూపించి అడిగిన ఫలితాలు 2002లో ‘సైన్స్’ పత్రికలో వచ్చాయి. ఎనిమిదేళ్ల పిల్లలు పోకెమాన్ ఆటలోని కల్పిత జీవుల్లో దాదాపు 80 శాతం టకటకా చెప్పారు. చుట్టూ మామూలుగా కనిపించే మొక్కలు, జంతువుల్లో దాదాపు సగం మాత్రమే చెప్పగలిగారు. ఆ ఫలితాలు చదివినవాళ్లే కెనడాలో 2010లో ‘ఫైలో’ అనే ఆట తెచ్చారు. అందులో పెద్ద అంకె చూపించి ఎదుటివాళ్ల కార్డు తీసుకోవడం ఉండదు. ప్రతి జీవినీ దానికి సరిపడే నేల, వాతావరణం చూసి, దాని ఆహారం పక్కన పెట్టాలి. తినేదేమీ లేకపోతే పులి కార్డు చేతిలోనే ఉండిపోతుంది. మొదటి ఉత్తరం రాసిన అమ్మా, మీరూ ఒక రౌండు అలా ఆడించి చూడండి. అలుగుని దించాలంటే ముందు చెదపురుగు కార్డు కావాలి. మీ కట్టలో అది ఉందో లేదో రాయండి.