క్రాన్‌బెర్రీ పప్పు, వేడి వేడి అన్నం

ప్రశ్న: విస్కాన్సిన్ వచ్చి రెండు నెలలైంది. ఆఫీసు నుంచి ఇల్లు చేరేసరికి రాత్రి ఏడు. ఇద్దరం నెయ్యి, పెరుగు కూడా మానేశాం. సలాడ్లతో కడుపు నిండట్లేదు. మామిడికాయ పప్పు మీదకి మనసు పోతోంది, ఇండియన్ స్టోరేమో గంట దూరం. ఏం చేసుకోమంటారు?

జవాబు: చెల్లెమ్మా, మామిడికాయ బదులు క్రాన్‌బెర్రీలు, అదే పుల్లటి చిన్న ఎర్ర పళ్లు, వేసి పప్పు చేసుకోండి. అమెరికాలో ఇవి అన్నిటికంటే ఎక్కువగా పండేది మీరున్న రాష్ట్రంలోనే. అక్టోబరు నుంచి క్రిస్మస్ దాకా మామూలు సూపర్ మార్కెట్లోనే 340 గ్రాముల సంచుల్లో దొరుకుతాయి. ఎండబెట్టి చక్కెర పట్టించినవి కాదు, తాజా కాయలే తీసుకోండి. వాక్కాయ పప్పు తిన్న నాలుకకి ఈ పులుపు, ఆ వెనకే వచ్చే వగరు ఇట్టే తెలిసిపోతాయి.

ఒక్కటి మాత్రం మరిచిపోకండి. కాయల్ని పప్పుతో కలిపి ఉడకబెట్టొద్దు. పులుపు తగిలితే కందిపప్పు మెత్తబడటానికి మొండికేస్తుంది. నేను వచ్చిన కొత్తలో రెండూ కలిపే పెట్టేశాను. మూడేళ్ల మా అబ్బాయి ఆకలికి ఏడుస్తున్నాడు, మూత తీస్తే బద్దలు పలుకు పలుకుగా ఉన్నాయి. ఆ రాత్రి వాడికి బ్రెడ్డే పెట్టాను. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది.

ఇంటికి రాగానే ముందు ఓవెన్ 425 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి పెట్టండి. చిన్న బంగాళాదుంపలు సగానికి కోసి నూనె, ఉప్పు, కారం పట్టించి ఓవెన్లో పెట్టి అరగంట వదిలేయండి. ఇన్‌స్టంట్ పాట్‌లో (కరెంటు ప్రెషర్ కుక్కర్) కప్పు కందిపప్పు, మూడు కప్పుల నీళ్లు, పసుపు వేసి పన్నెండు నిమిషాలు. ఆవిరి దానంతటదే పది నిమిషాలు పోనివ్వండి. రైస్ కుక్కర్లో అన్నం.

ఈలోగా చిన్న గిన్నెలో కప్పు క్రాన్‌బెర్రీలు, ఉల్లిపాయ ముక్కలు, చీల్చిన నాలుగు పచ్చిమిర్చి, కాసిని నీళ్లు వేసి మూత పెట్టండి. రెండు మూడు నిమిషాలకి కాయలు టప్ టప్‌మని పగలడం మొదలవుతుంది. ఆ చప్పుడు ఆగి ఎర్రటి రసం చిక్కబడితే చాలు. గరిటెతో మెదిపి, ఉప్పు, చిన్న బెల్లం ముక్క వేసి ఉడికిన పప్పులో కలిపేయండి.

నెయ్యి లేనప్పుడు పోపే దిక్కు, నూనెకి వెనకాడకండి. మూడు చెంచాల పల్లీ నూనెలో ఆవాలు, మినప్పప్పు, జీలకర్ర, ఎండుమిర్చి, దంచిన వెల్లుల్లి ఏడెనిమిది రెబ్బలు, ఇంగువ, కరివేపాకు. మీది కరెంటు పొయ్యి అయితే కట్టేసినా వేడి తగ్గదు. వెల్లుల్లి ఎర్రబడుతుండగానే మూకుడు పక్కకి దించేయండి, లేదంటే మాడి చేదెక్కుతుంది.

మిగిలిన పప్పు మర్నాటికి గట్టిపడుతుంది, వేడినీళ్లు పోసి వెచ్చబెట్టుకుంటే లంచ్‌కి సరిపోతుంది.

ఈ శనివారం నాలుగైదు సంచులు తెచ్చి అలాగే ఫ్రీజర్లో పడేయండి. కరగబెట్టే పని లేదు, నేరుగా గిన్నెలో వేసుకోవచ్చు. జనవరి వచ్చిందంటే తాజావి కంటికి కనపడవు.