టెక్ సందేహాలు: ఛార్జింగ్ పోర్ట్‌లో చిలుము

ప్రశ్న: నా ఫోన్ నీళ్లలో పడింది. ఐపీ68 (నీరు, దుమ్ము లోపలికి పోకుండా తట్టుకుంటుందనే రేటింగ్) ఫోనే కదా అని తుడిచి వాడుతున్నాను. ఛార్జర్ పెడితే ‘పోర్ట్‌లో తేమ ఉంది’ అని హెచ్చరిక వస్తోంది. ‘అయినా ఛార్జ్ చెయ్యి’ నొక్కితే ఎక్కుతోంది. ఇప్పుడు ఛార్జింగ్ ఆగి ఆగి ఎక్కుతోంది, పోర్ట్‌లో ఆకుపచ్చగా ఏదో కనిపిస్తోంది. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ బటన్ నొక్కడం మానేయండి. ఇలాంటి ఫిర్యాదులు వస్తూనే ఉన్నాయి, చాలావాటికి మూలం అదే. ప్రమాదం ఉందని చెప్పి, ఆ పక్కనే దాన్ని దాటే దారి చూపించే డిజైన్ నాకు అస్సలు నచ్చదు.

మీరు చూసింది రాగి చిలుము. టైప్-సి పిన్నులు రాగి మిశ్రమంతో చేస్తారు, పైన నికెల్, దాని మీద పల్చటి బంగారు పూత ఉంటాయి. కేబుల్ పెట్టి తీస్తుంటే పూత అరుగుతుంది. తడి మీద కరెంటు ఇస్తే పాజిటివ్ పిన్ను లోహం కరిగి పక్క పిన్ను వైపు కదులుతుంది. 5 వోల్టులే అందుకు చాలు, ఫాస్ట్ ఛార్జింగ్‌లో అది 9, ఒక్కోసారి 20 దాకా వెళ్తుంది. లోపల సర్క్యూట్ బోర్డు మీదైతే ఆ లోహమే చెట్టు వేళ్లలా సన్నగా పాకి షార్ట్ చేస్తుంది. బియ్యంలో పెడితే ఇవేవీ ఆగవు. నీరు ఆరినా ఉప్పు, సబ్బు మరకలు అక్కడే ఉండిపోయి, గాలిలో తేమ పెరిగినప్పుడల్లా దాన్ని పీల్చుకుంటాయి. ఫోన్ తెరిచి, బ్యాటరీ కనెక్టర్ ఊడదీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగించాలి. పోర్ట్ మార్చాల్సి రావచ్చు. సూదితో మీరే గీకకండి.

ఇక ఐపీ68 సంగతి. ఆ పరీక్ష కొత్త పరికరానికి, మంచినీళ్లలో, కంపెనీ చెప్పిన లోతులో, చెప్పినంత సేపే చేస్తారు. సముద్రపు నీరు, సబ్బు నీరు అందులోకి రావు. సీల్ జిగురు కూడా కాలం గడిచేకొద్దీ బలహీనపడుతుంది. ప్రకటనలో ఫోన్‌ని నీళ్లలో ముంచి చూపించడం, వారంటీలో మాత్రం నీటి నష్టానికి బాధ్యత లేదనడం అన్యాయం.

నాకు అసలు టెన్షన్ రిపేరు గురించే. చాలామంది ఫోన్‌తో పాటు లాక్ తీసే పిన్ నంబరు కూడా చీటీ మీద రాసి ఇచ్చేస్తున్నారు. ఫొటోలు, మెయిల్, బ్యాంకు ఓటీపీలు అన్నీ ఆ చీటీతో తెరుచుకుంటాయి. పోర్ట్ మార్చడానికి ఆ నంబరు అక్కర్లేదు, ఛార్జ్ ఎక్కుతోందో లేదో లాక్ స్క్రీన్ మీదే తెలుస్తుంది. సిమ్ తీసి ఇవ్వండి. మీ ఫోన్‌లో రిపేర్ మోడ్ (రిపేరు చేసేవాళ్లకు మీ డేటా కనిపించకుండా దాచే సెట్టింగ్) ఉంటే ఆన్ చేయండి.

ఇంకా ఆన్ అవుతోంది కాబట్టి బ్యాకప్ ఈరోజే తీయండి. ఇప్పటి ఫోన్లలో డేటా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం లేకుండా చదవలేని రూపంలోకి మారి, దాని తాళం ప్రాసెసర్‌లోనే ఉంటుంది. బోర్డు చచ్చిపోతే మెమరీ చిప్ ఊడదీసి వేరే ఫోన్‌లో అతికించినా ఏమీ రాదు. రెండంచెల లాగిన్ కోడ్‌లు ఇచ్చే యాప్ ఈ ఒక్క ఫోన్‌లోనే ఉంటే, మీ ఖాతాల్లోకి మీరే వెళ్లలేరు. అందుకే రికవరీ కోడ్‌లు (ఆ యాప్ లేకున్నా ఖాతాలోకి వెళ్లడానికి పనికొచ్చేవి) కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకున్నాకే ఫోన్ రిపేరుకివ్వండి.