రాజీ కాగితం మీద సంతకం పెట్టకు

చి. మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

అమ్మ ఫోన్ చేసినప్పటి నుంచి మనసు మనసులో లేదు. సైకిలు మీద వెళ్తున్న నిన్ను కారు గుద్ది చెయ్యి విరిగితే విరిగింది, ప్రాణం దక్కింది, అదే పదివేలు. ఆ కారు తాలూకు మనుషులు రెండుసార్లు గిరిసోల ఇంటికొచ్చి డబ్బు ఇస్తాం, కాగితం మీద సంతకం పెట్టమన్నారట. నువ్వు కూడా సరే అనేలా ఉన్నావట. బరంపురం కోర్టులో ముప్పై ఏళ్ళు వకీలు గుమాస్తాగా యాక్సిడెంట్ కేసుల కట్టలు మోసినవాణ్ణి, నా మాట విను. సంతకం పెట్టకు.

మీ చిన్నమామయ్య కాలు సంగతి నీకు సగమే తెలుసు. 1996లో పాలక్యాన్లతో సైకిలు మీద వస్తుంటే వ్యాను గుద్దింది. మర్నాడే ఆసుపత్రి మంచం దగ్గరికి డజను అరటిపళ్ళు, మూడువేల రూపాయలు పట్టుకొచ్చారు. కాగితం ఒడియాలో రాసుంది. వాడికి ఒడియా మాట్లాడటం వచ్చుగానీ చదవడం రాదు. వేలిముద్ర వేశాడు. ఆరోజు నేను ఊళ్ళో లేను. తర్వాత కాల్లో రాడ్డు వేశారు, ఆర్నెల్లు మంచం మీదే. కేసు వేస్తే అవతలి వకీలు ఆ కాగితమే తీసి చదివాడు. ‘సైకిలు నేనే అడ్డం తిప్పాను, తప్పు నాదే’ అని ఉంది అందులో. ఆ గదిలో వాడి మొహం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది.

ముందు పోలీసు కాగితం. దెబ్బ తగిలింది ఒడిశా-ఆంధ్రా సరిహద్దు చెక్‌గేటుకి అటా ఇటా అని రెండు వైపులా ‘మా హద్దు కాదు’ అన్నారట కదా. హద్దు తేల్చాల్సింది నువ్వు కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. తర్వాత అది ఒడిశాకి వెళ్తుందో ఆంధ్రాకి వెళ్తుందో వాళ్ళు చూసుకుంటారు. నువ్వు తెలుగులో రాసి పట్టుకెళ్ళు. నోటితో చెప్తే వాళ్ళు రాసినదాన్ని నీకు చదివి వినిపించాలి. అర్థమయ్యాకే సంతకం. ఎఫ్ఐఆర్ నకలు నీకు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకో.

ఇక సైకిలు. మేస్త్రీ దగ్గర వెనక చక్రం బెండు తీయిస్తానన్నావని అమ్మ చెప్పింది. వద్దు నాయనా! అమ్మ పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. వెనక మడ్గార్డు లోపలికి మడతపడింది, దాని అంచున వేలెడు పొడుగు తెల్ల రంగు గీత ఉంది. నీ సైకిలు నల్లది, మడ్గార్డు కూడా నల్లదే. ఆ తెలుపు కారుదే అయ్యుండాలి. కారు నీ సైకిలుని గుద్దిందని నీ తరఫున చెప్పే సాక్షి ఆ గీత. నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తియ్యి, పోలీసులు చూసేదాకా గుడ్డతో తుడవొద్దు కూడా. నిన్ను ఆటో ఎక్కించిన టీకొట్టాయన పేరు, నంబరు రాసుకో. దెబ్బతిన్నవాణ్ణి ఆదుకున్నవాళ్ళకి రక్షణగా మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో 134ఎ సెక్షన్ వచ్చింది, సాక్ష్యం కోసం వాళ్ళని బలవంతపెట్టకూడదని దాని కింద నిబంధనలున్నాయి. ఆ మాట చెప్తే ఆయన భయం తీరుతుంది.

ఆసుపత్రిలో ఎం.ఎల్.సి., అంటే పోలీసు కేసు కింద గాయాల వివరాలు రాసే రికార్డు, రాశారో లేదో కనుక్కో. చీటీలు, ఎక్స్‌రేలు, మందుల బిల్లులు, ఆటో ఖర్చు, అన్నీ ఒక సంచిలో వెయ్యి. ఇచ్ఛాపురంలో నువ్వు చేసే లేత్ షెడ్డు యజమాని చేత నెల జీతం ఎంతో, ఎన్నాళ్ళు పనికి రాలేదో రాయించు. కుడిచేతి మణికట్టు కదా, లేత్ పనివాడికి అదే అన్నం పెట్టేది. పట్టు తగ్గితే మెడికల్ బోర్డు నుంచి వైకల్య సర్టిఫికెట్ తీసుకోవాలి. వాళ్ళిచ్చే పదివేలకూ ఆ నష్టానికీ పొంతన ఎక్కడ?

నష్టపరిహారం దావా మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద క్లెయిమ్స్ ట్రిబ్యునల్లో వెయ్యాలి. ప్రమాదం ఆంధ్రా వైపు జరిగిందని తేలినా నువ్వుండేది గంజాం జిల్లా కాబట్టి ఇక్కడే వెయ్యొచ్చు. 1994 నుంచి చాలా ఏళ్ళు దీనికి గడువు లేదు, అందుకే మా తరం వాళ్ళు ‘ఎప్పుడైనా వెయ్యొచ్చులే’ అంటుంటారు. అది నమ్మకు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలల గడువు పెట్టారు. ఆ కారుకి ఇన్సూరెన్సు ఉందో లేదో ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూడు. ఉంటే కట్టాల్సింది కంపెనీ, ఆ యజమాని జేబుకి చిల్లు పడదు. అందుకే వాళ్ళమీద జాలిపడి నువ్వు నష్టపోవద్దు. గుద్దిన బండి ఏదో తెలియకపోతే తీవ్రగాయానికి 50,000, ప్రాణం పోతే 2 లక్షలు ప్రభుత్వ పథకం కింద వస్తాయి. నీకు ఆ అవసరం లేదు.

ఒక్క సంగతి నాకు నిజం చెప్పాలి. డివైడర్ కట్టింగ్ దూరమని అక్కడ చాలామంది రాంగ్ సైడులో తొక్కుతారు. నువ్వూ ఎదురు తొక్కుంటే దాచకు. నీ తప్పు పాలు ఎంతో చూసి అంత కోస్తారు, అంతేగాని కేసు మొత్తం కొట్టెయ్యరు. అబద్ధం బయటపడితే మాత్రం మిగతా నిజాలు కూడా ఎవరూ నమ్మరు.

వచ్చినదాంట్లో ఇంత శాతం అని అడిగే వకీలు దగ్గరికి వెళ్ళకు. అలా వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నిబంధనలకే విరుద్ధం. ఫీజు కట్టలేకపోతే జిల్లా న్యాయసేవల సంస్థకి దరఖాస్తు పెడదాం, 15100కి ఫోన్ చేసినా దారి చెప్తారు.

చెయ్యి బాగయ్యాక మళ్ళీ సైకిలెక్కేటప్పుడు వెనక ఎర్ర బ్లింకరు ఉండాలి, నేను కొనిస్తాను. సైకిలుకి లైసెన్సూ ఇన్సూరెన్సూ అక్కర్లేదుగానీ పదహారో నంబరు హైవే మీద చీకట్లో నల్ల సైకిలు లారీవాడి కంటికి ఆనదు.

ఆదివారం పొద్దున్న బస్సుకి అమ్మని తీసుకుని బరంపురం రా. సంచి మర్చిపోకు. ఈలోగా వాళ్ళు మళ్ళీ వస్తే మంచినీళ్ళిచ్చి, మా మామయ్యతో మాట్లాడండి అని నా నంబరివ్వు.

మీ మామయ్య